అడగకుండా నొక్కిన వేలు

మా ఆయన సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, నేను బట్టలు బాగుచేస్తాను. ఇద్దరిదీ పాడైనదాన్ని ముందేసుకుని కూర్చునే బతుకే. మా ఇంట్లో కొత్త వస్తువేదైనా కనబడిందంటే, వచ్చినవాళ్ళెవరో మరిచిపోయి వెళ్ళారని అర్థం.

నేను పనిచేసింది మూడంతస్తుల బట్టల షాపులో. ట్రయల్ రూముల వెనక, అద్దాలకీ గోడకీ మధ్య ఇరుకు సందులో ఆల్టరేషన్ కౌంటరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్యాంట్ల అంచులు మడవడం, నడుములు బిగించడం, జిప్పులు మార్చడం. కొత్త బట్టల్ని కోసి కుట్టడమంటే నాకు పెద్ద సరదా ఉండేది కాదు. నా సరదా అంతా చిరుగుల మీదే. మోచేతి దగ్గర అరిగిన స్వెట్టరు, మేకు తగిలి మూలగా చిరిగిన చొక్కా, జేబు దగ్గర తెగిన కోటు. ఆ గుడ్డలోంచే పోగులు లాగి, ఆ చిరుగు మీదే మళ్ళీ నేసినట్టు కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కుట్టాక ఎక్కడ చిరిగిందో బట్ట సొంతదారు వెతుక్కోవాలి. ఆ పనికి షాపులో గిరాకీ లేదు. చిరిగితే ఇంకోటి కొనుక్కోమనేదే కదా షాపంటే.

అందుకే సెలవురోజుల్లో ఆ పనిని వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. ఛానల్ పేరు ‘పారేయకండి’. కిటికీ పక్కన భోజనాల బల్ల, పాత టేబుల్ లైటు కాడకి మా ఆయన బిగించిన ఫోను స్టాండు, అంతే సరంజామా. వీడియోలో నా ముఖం కనబడదు, చేతులే. మాటలు కూడా తక్కువ. కాసేపు నిశ్శబ్దం, తర్వాత కత్తెర చప్పుడు, దారం గుడ్డలోంచి జారే చప్పుడు.

మొదట్లో చూసేవాళ్ళు మా చెల్లెలు, మా అత్తయ్య, ముక్కూమొహం తెలియని మరికొందరు. మా అత్తయ్య చూసేది కూడా నేను బల్ల తుడిచానా లేదా అని. ఆ తెలియనివాళ్ళలో ఒకరు తమ ఫొటో బదులు పిల్లి ఫొటో పెట్టుకున్నారు. ప్రతి వీడియో కిందా ఏదో ఒక ప్రశ్న అడిగేవారు. ఉన్నికి ఏ సూది మంచిది, పోగు తెగితే ఏం చేయాలి. ఒకసారి ఇలా రాశారు: “నాది ఎడమచేతివాటం. మీరు చేసేదంతా నాకు తిరగబడుతోంది. ఎడమచేత్తో ఎలా పట్టుకోవాలో ఒక్కసారి చూపిస్తారా?”

“తప్పకుండా అండీ, వచ్చే వీడియోలోనే,” అని జవాబిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

ఆ రోజుల్లోనే ఒక స్వెట్టరు మోచేయి మీద వారాల తరబడి కూర్చుని పెద్ద వీడియో ఒకటి చేశాను. నా చేతిలోంచి అంత మంచి పని అంతకుముందు రాలేదు. దాన్ని చూసినవాళ్ళని మా భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెడితే ఇంకా కుర్చీలు మిగిలేవి. సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ ఏడ్చేశాను. మా ఆయన వచ్చి నీళ్ళ గ్లాసు కడుక్కుని, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మాట సాయానికి కూడా పనికిరాని మనిషి అని లోపల పళ్ళు నూరుకున్నాను.

ఆ తర్వాతే నా దశ తిరిగింది. రోజూ ఎవరో ఒకరు కొత్తగా సబ్‌స్క్రైబ్ చేస్తున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో కాదు, సరిగ్గా మా ఊరివాళ్ళు. చూసేవాళ్ళు ఏ ఊరి నుంచి చూస్తున్నారో ఛానల్ సొంతదారుకి మాత్రమే తెరుచుకునే పేజీలో కనబడుతుంది. సగానికి పైగా మా ఊరే! ఊళ్ళో నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మనిషీ నా మనిషేమో అనిపించేది. మా షాపు ఫ్లోర్ మేనేజరు పేరు కూడా అందులో కనబడేసరికి గాల్లో తేలిపోయాను. నాతో ఎన్నడూ నవ్వి మాట్లాడని మనిషి, ఇంటికెళ్ళి గుట్టుగా నా వీడియోలు చూస్తున్నాడన్నమాట!

ఒక్కటే అర్థమయ్యేది కాదు. చేరేవాళ్ళు పెరుగుతున్నారు, చూసేవాళ్ళు తగ్గుతున్నారు.

దీని సంగతి తేల్చుకుందామని పెద్ద ఛానళ్ళవాళ్ళు చెప్పే పాఠాలు వినడం మొదలుపెట్టాను. అందరూ అల్గారిదమ్ అల్గారిదమ్ అంటారు. నాకు అర్థమైంది ఇంతే. మనం వీడియో పెట్టగానే అది ముందు మన సబ్‌స్క్రైబర్లలో కొందరి ఫోన్లలో పెట్టి చూస్తుంది. వాళ్ళు తెరిచి కాసేపు ఉంటే, బాగుందేమో అని ఇంకొందరికి చూపిస్తుంది. వాళ్ళే వేలితో పక్కకి తోసేస్తే, సొంత మనుషులకే అక్కర్లేదు, బయటివాళ్ళకెందుకు అని మూలన పడేస్తుంది. ఒకరకంగా అది మా అత్తయ్య లాంటిది. ఏం చేస్తే నచ్చుతుందో చెప్పదు, నచ్చకపోతే మాత్రం మనకి తెలిసిపోతుంది.

అయితే లోపం నాలోనే ఉందనుకున్నాను. నిశ్శబ్దం తీసేసి డప్పుల మోత పెట్టాను. పూటంతా పట్టే కుట్టుని నిమిషంలోకి కుదించాను. గోళ్ళకి ఎర్రరంగు వేశాను. కనబడని ముఖాన్ని కనబడేలా చేసి, వీడియో పైన పెట్టే ఫొటోలో నోరు బార్లా తెరిచి కళ్ళు పెద్దవి చేసుకున్నాను. చిరిగిన ప్యాంటు చూసి లోకంలో ఎవరైనా అంత ఆశ్చర్యపోతారా? ఆ ఫొటోలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో కుంచించుకుపోతాను. ఈ హడావిడిలో ఎడమచేతి వీడియో మూలపడింది. పిల్లి ఫొటో మనిషి మరోసారి గుర్తుచేశారు. చదివి, తర్వాత చూద్దాంలే అని ఊరుకున్నాను.

ఎంత మోత పెట్టినా చూసేవాళ్ళు పెరగలేదు. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ఫోనులో చూడకపోతేనేం, వీళ్ళంతా ఊళ్ళోవాళ్ళే కదా! చేతిపని చేత్తోనే నేర్చుకోవాలి. క్లాసులు పెడితే పరిగెత్తుకుని వస్తారు. సెలవురోజుకొక క్లాసుతో సరిపెట్టుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. ఉద్యోగం మానేసి, రోజూ క్లాసులే అనుకున్నాను.

మా ఆయనకి చెబితే, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు.

“ఉద్యోగం ఉంచుకునే చెయ్యొచ్చు కదా? కొన్నాళ్ళు ఆగి చూద్దాం.”

“ఇంకా ఏం చూడాలి? ఊరంతా నా ఛానల్లోనే ఉంటే!”

“ఉన్నారనుకో... ఉన్నవాళ్ళందరూ వస్తారని ఏముంది?”

“ఎందుకు రారు? ఎవరైనా బలవంతాన చేర్చారా వాళ్ళని?”

ఆయన నీళ్ళు నమిలారు. నాకు ఒళ్ళు మండింది. “అసలు మీకేం తెలుసు? నా వీడియో ఒక్కటంటే ఒక్కటైనా మొదట్నించి చివరిదాకా చూశారా ఎప్పుడైనా?” అని అడిగేశాను. ఆయన స్క్రూడ్రైవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. చూడలేదనే అనుకున్నాను.

మర్నాడు ఫ్లోర్ మేనేజరు దగ్గరికి వెళ్ళి పని మానేస్తున్నానని చెప్పాను. కారణం అడిగారు. నా మాటలు కోటలు దాటాయి. “ఈ ఊళ్ళో నన్ను చూసేవాళ్ళు చాలామంది ఉన్నారండీ. తమరు కూడా చూస్తున్నారుగా, నాకు తెలుసు లెండి,” అని ముసిముసిగా నవ్వాను. ఆయన నా వైపు వింతగా చూసి, “నేనా?” అన్నారు. బయటపడటం ఇష్టంలేదు కాబోలు అనుకుని, ఇంకో నవ్వు కూడా నవ్వి వచ్చేశాను.

మా వీధి చివర గ్రంథాలయం మేడమీద పెద్ద గది ఒకటి అద్దెకిస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి తీసుకున్నాను. మొదటి క్లాసు ఉచితమని, అందరూ రమ్మని ఛానల్లో పెట్టాను. వచ్చినవాళ్ళకి సాధన చేయడానికి చిరుగులు కావాలి కదా. పాత చొక్కాలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ మధ్యలో నా చేతులతోనే చిరుగు పెట్టాను. ప్రతి ముక్కకీ ఒక సూది గుచ్చి, కొంచెం దారం చుట్టి, సంచీలో సర్దుకున్నాను.

గదిలో కుర్చీలు మా ఆయనే వేశారు. రెండు వరసలు వేసి ఆగిపోయారు.

“అన్నీ వెయ్యండి,” అన్నాను.

“ముందు ఇవి నిండనీ. తర్వాత వేద్దాం.”

“వచ్చినవాళ్ళు నిలబడి ఉంటే అప్పుడు కుర్చీలు మోస్తారా? మంచి మర్యాదే!”

ఆయన గోడవారగా పేర్చి ఉన్నవన్నీ దించి వేశారు. గది చివరిదాకా కుర్చీలే. వేసినవాటినే మళ్ళీ సరిచేస్తూ నా వైపు చూడకుండా తిరుగుతున్నారు.

చెప్పిన సమయం అయింది. దాటింది. మెట్లమీద అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఆ అడుగులు కింది అంతస్తులోనే ఆగిపోయేవి. పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చేవాళ్ళు. నేను ఒక్కో కుర్చీలో ఒక్కో గుడ్డముక్క పెట్టి ఉంచాను. ఎవరూ లేని కుర్చీల మీద చిరిగిన గుడ్డలు. తల కొట్టేసినట్టయింది. కిందకి వెళ్ళి గది తాళం ఇచ్చేసి రావాలంటే ఆ గ్రంథాలయం ఉద్యోగికి ముఖం ఎలా చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు ఒకావిడ వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుందట, తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుంది. గుమ్మంలోనే ఆగి, “పారేయకండి అంటే మీరేనా?” అని అడిగింది.

ప్రాణం లేచొచ్చింది. “నేనేనండీ, రండి రండి, ముందు వరసలో కూర్చోండి,” అని ఎదురెళ్ళాను.

“కూర్చోడానికి రాలేదమ్మా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చా. మిమ్మల్ని నా ఫోనులోంచి ఎలా తీసెయ్యాలి?”

ఆమె కోపంగా కూడా లేదు. విసిగిపోయి ఉంది.

“ఫోను గ్లాసు పగిలితే మార్పించాను. అది ఇంటికొచ్చిన రోజు నుంచి మీరే. మా పాప పాఠం చూద్దామని తెరిస్తే మీరు, నేను వార్తలు చూద్దామంటే మీరు. వద్దు అని నొక్కుతూనే ఉన్నా, ఇంకో వీడియోతో మళ్ళీ వస్తారు. ఎవరో నా ఫోనులో దూరారేమోనని భయమేసి బ్యాంకు పాస్‌వర్డులు కూడా మార్చుకున్నా. ఇక్కడ క్లాసని కూడా అందులోనే వచ్చింది. పోనీ మనిషినే అడుగుదాం అని...”

“ఎక్కడ మార్పించారండీ గ్లాసు?” అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూసింది. “ఇదిగో, ఈయన దగ్గరే. ఏంటండీ, మీరిక్కడున్నారు?”

మా ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. ముందుకొచ్చి, “ఫోను ఇలా ఇవ్వండమ్మా, తీసేస్తాను. తప్పు నాదే. మన్నించండి,” అన్నారు. ఆమె ఇచ్చింది. ఆయన వేలు ఎక్కడికి వెళ్ళాలో తడుముకోలేదు, ఆ దారి దానికి కంఠతా వచ్చు. ఆమె ఫోను తీసుకుని, ఖాళీ కుర్చీలన్నిటినీ ఒకసారి చూసి, నా వైపు చూడలేక తల వంచుకుని మెట్లు దిగిపోయింది. ఆమె తిట్టి వెళ్ళినా బాగుండేది. నా మీద జాలిపడి వెళ్ళింది.

ఇంటికొచ్చాక అడిగాను. ఆయన దాచలేదు.

ఫోను బాగుచేశాక పరీక్షించాలి. స్క్రీను, స్పీకరు, టచ్, నెట్ అన్నీ ఒక్కసారే తెలియాలంటే ఏదో ఒక వీడియో పెట్టి చూస్తారు. మెకానిక్కులందరూ చేసేదే. అందుకోసమే తాళం తీసే పిన్ను ఏమిటో అడిగి, చిన్న స్టిక్కరు మీద రాసి ఫోను వెనక అంటిస్తారు. నేను సింకు దగ్గర ఏడ్చిన మర్నాటి నుంచి ఈయన నా వీడియో పెట్టడం మొదలుపెట్టారు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వచ్చిన ప్రతి ఫోనులోనూ సబ్‌స్క్రైబ్ కూడా నొక్కారు.

“అదెందుకు నొక్కారు?”

“టచ్ పనిచేస్తోందో లేదో చూడాలి కదా,” అన్నారు నేల చూస్తూ. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. అసలు సంగతి అప్పుడు చెప్పారు. “నీకు ఎలా ధైర్యం చెప్పాలో తెలీలేదు. అంకె పెరిగితే సంతోషిస్తావనుకున్నా. సంతోషించావు కూడా. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు.”

“అంకె పెరిగితే మంచిదనుకున్నారా? వాళ్ళెవరికీ నేను అక్కర్లేదు. అల్గారిదమ్ ప్రతిసారీ ముందు వాళ్ళకే చూపించింది. వాళ్ళు ప్రతిసారీ నన్ను తోసేశారు. సొంత మనుషులే వద్దంటున్నారని అది నన్ను మూలన పడేసింది. మీ చేత్తోనే నన్ను పాతిపెట్టారు కదండీ!”

ఈ సంగతి ఆయనకి నిజంగానే తెలియదు. వింటూ వింటూ గోడకి చేరగిలబడిపోయారు.

“పరీక్షకి నీ వీడియోలే మంచివి,” అన్నారు, తనని తాను సమర్థించుకోవడానికి కూడా ఓపిక లేనట్టు. “స్వెట్టరుదాంట్లో మొదట అసలు చప్పుడుండదు. స్పీకరులో గరగర ఉంటే అక్కడే దొరికిపోతుంది. తర్వాత నువ్వు కత్తెర కింద పెడతావు. స్పీకరు పొర చిరిగితే ఆ టక్కుమన్నది రాదు. చివర్లో కుట్టు మీద వేలితో రాస్తావు చూడు, అదీ వినబడిందంటే ఇంక ఫోనుకి ఢోకా లేదు. డప్పులవి పెట్టావు కదా, వాటితో ఏదీ తెలీదు.”

ఒక్క వీడియోనైనా చివరిదాకా చూశారా అని అడిగింది ఈయననే. సిగ్గుతో చచ్చిపోయాను. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ కలిసి ఉంటే ఎంత అవస్థో చెప్పలేను. తిడదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చేది.

సంచీలోని గుడ్డముక్కలు చూసి మా అత్తయ్య, “ఇన్ని ఎవరు చింపారే?” అని అడిగింది. నేనేనని చెప్పాను.

షాపుకి వెళ్ళి మళ్ళీ పనిలోకి తీసుకోమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. అయినా వెళ్ళాను. ఫ్లోర్ మేనేజరు నన్ను చూడగానే, “ఆ వేళ మీరన్నది తర్వాత అర్థమైందమ్మా. ఫోను తెరిచినప్పుడల్లా మీరెందుకు వస్తున్నారా అనుకునేవాణ్ణి. బ్యాటరీ మార్పించిన దగ్గర్నుంచి,” అన్నారు. నేను ఆయన ముందు నవ్విన ముసిముసి నవ్వులు రెండూ గుర్తొచ్చాయి. నా కుర్చీలో అప్పటికే ఎవరో అమ్మాయి కూర్చుని ప్యాంటు అంచు మడుస్తోంది. మడత కాస్త వంకరగా వస్తోంది. చెప్పే హక్కు నాకు లేదు, వచ్చేశాను.

ఒక వీడియో చేశాను. చేతులూ లేవు, కత్తెరా లేదు. ఉత్త ముఖంతో కెమెరా ముందు కూర్చుని, ‘మా షాపులో ఫోను బాగుచేయించుకున్నవాళ్ళ దగ్గరికి నేను పిలవకుండా వచ్చాను. నన్ను ఇలా తీసేయండి,’ అని ఎలా తీసేయాలో చూపించి, క్షమాపణ అడిగాను. దాన్ని చూడాల్సినవాళ్ళెవరూ చూడలేదు. ఎవరి కాళ్ళమీద పడాలో వాళ్ళే నన్ను వద్దని నొక్కి ఉన్నారు కదా, అల్గారిదమ్ దాన్ని వాళ్ళకి చూపించదు. పారేయకండి అని పేరు పెట్టుకున్నదాన్ని జనం ఎత్తి పారేశారు. నా క్షమాపణ కూడా నాతోపాటే పోయింది.

ఇక మిగిలింది మనిషి మనిషికీ చెప్పుకోవడమే. కుట్టుమిషను తీసుకెళ్ళి మా ఆయన షాపులో ఒక మూల పెట్టుకున్నాను. గాజు తలుపు అవతల వీధి, ఇవతల ఆయన బల్ల, పక్కన నా మిషను. చిరిగిన బట్టలు తెచ్చేవాళ్ళు అప్పుడొకరూ అప్పుడొకరూ. ఫోను తెచ్చేవాళ్ళకి మొదట్లో ఆయనే సంగతి చెప్పి, అనుమతి అడిగి, ఫోను నా చేతికిచ్చేవారు. నా ఛానల్ తెరిచి, నన్ను నేనే నొక్కి తీసేసేదాన్ని. కొందరు నవ్వేశారు. కొందరు మాట్లాడకుండా తీసుకుని వెళ్ళిపోయారు. ఒకాయన, “పిన్ను చెప్పింది ఇందుకా?” అన్నాడు. ఆ మాటకి మా ఆయన ఆ పూట భోజనం చేయలేదు.

అలా చెప్పి చెప్పి, అడిగి అడిగి, నాకు సిగ్గు ముదిరిపోయింది. అడిగితే కథంతా చెప్పాలి. చెబితే వాళ్ళు నన్ను ఆ ల్యాబు ఆవిడలా చూస్తారు. అందుకని ఒక దారి కనిపెట్టాను. ఫోను మరమ్మతుకి వచ్చి బల్లమీద ఉన్నప్పుడే, సొంతదారు లేని సమయంలో, స్టిక్కరు మీది పిన్ను కొట్టి, నా ఛానల్ ఉందా చూడటం, ఉంటే తీసేయడం. వాళ్ళకి తెలియకుండా పెట్టిందాన్ని వాళ్ళకి తెలియకుండానే తీస్తే సరి. లెక్క సరిపోయిందనుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే ఓ పెద్దాయన వచ్చారు. బక్కపలుచని మనిషి, చేతిలో గొడుగు. ముందురోజు బ్యాటరీ మార్పించుకుని తీసుకెళ్ళిన ఫోనునే మళ్ళీ తెచ్చి బల్లమీద పెట్టారు.

“బ్యాటరీ బాగానే ఉందయ్యా. కానీ ఇందులో ఏదో పోయింది. మా ఆవిడ చూసుకునేది ఒకటుంటుంది, కుట్లూ అవీ. పొద్దున లేచి తెరిస్తే అది లేదు. వెతుకుతోంది పాపం, దానికి పేరు గుర్తుండదు. వరసలో మొదట వచ్చేదిట ఎప్పుడూ. నువ్వేమైనా చెరిపావా?”

“నేనేమీ ముట్టుకోలేదు బాబాయ్‌గారూ. బ్యాటరీ వేసి, ఛార్జింగు ఎక్కుతోందో లేదో చూశానంతే,” అన్నారు మా ఆయన. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, మామూలుగా, “అసలు ఈ ఫోను మన షాపుకి రావడమే నిన్న మొదటిసారి,” అన్నారు.

మిషను మీద నా కాలు ఆగిపోయింది.

మొదటిసారి వచ్చిన ఫోను. మా ఆయన వేలు దాన్ని ఎన్నడూ తాకలేదు. మరి నిన్న అందులో నా ఛానల్ ఉందంటే, ఆ ఇల్లాలు తనకై తాను, కావాలని, నొక్కుకుంది. ఎవరి అకౌంటో నేను చూడనైనా చూడలేదు. ఉంది, తీసేశాను. అంతా అబద్ధమే అయినప్పుడు ఇదొక్కటి నిజమని ఎలా అనుకుంటాను?

లేచి వెళ్ళి ఆ ఫోను చేతిలోకి తీసుకున్నాను. “ఒక్కసారి తెరవమంటారా బాబాయ్‌గారూ?” అని అడిగాను. తెరవమన్నారు. ఆవిడ అకౌంటు పేరు పక్కన గుండ్రంగా, చిన్నగా, పిల్లి ఫొటో.

“తీసేసింది నేనండీ,” అన్నాను. మా ఆయన చటుక్కున నా వైపు తిరిగారు. ఆయన్ని చూసే ధైర్యం లేక ఫోనునే చూస్తూ అంతా చెప్పేశాను. మిమ్మల్ని అడగలేదు, ఆవిడని అడగలేదు, నిన్న మీరు లేనప్పుడు పిన్ను కొట్టి తీసేశాను అని. ఏ తప్పుకైతే మా ఆయన ఆ పూట ముద్ద మింగలేకపోయారో అదే తప్పు, అదే వేలితో, అదే బల్ల దగ్గర చేశాను. ఆయనైనా నన్ను నిలబెడదామని చేశారు. నేను నా పరువు కోసం చేశాను.

పెద్దాయనకి సగమే అర్థమైనట్టుంది. “అయితే ఆ కుట్లావిడవి నువ్వేనా అమ్మా?” అన్నారు, ముఖమంతా వెలిగిపోతూ. “మా ఆవిడకి చెబితే నమ్మదు. సరే, పెట్టేయ్ మళ్ళీ, ఏముంది అందులో.”

“నేను పెట్టనండీ. పేరు కాగితం మీద రాసిస్తాను. ఆవిడకి కావాలంటే ఆవిడనే నొక్కుకోమనండి.”

“కావాలనే అంటుంది. రోజూ ఎదురుచూస్తోందిగా. ఎడమచేత్తో కుట్టేది చూపిస్తానన్నావట ఎప్పుడో. దానికి కుడిచెయ్యి చిన్నప్పట్నించీ వంగదు. నా కోటు ఒకటి చిరిగిపోయి ఉంది, అది చూపించాక కుడతానని అలాగే ఉంచేసింది. నేను కొత్తది కొనుక్కుంటానంటే ఒప్పుకోదు.” గొడుగు అందుకుంటూ నవ్వారు. “తొందరేం లేదులే అమ్మా. చలికాలం లోపు అయితే చాలు.”

ఆయన వెళ్ళాక కూడా నేను తల ఎత్తలేకపోయాను. పనికిమాలిన ఫొటోల కోసం నోరు తెరుచుకుని కూర్చున్న కాలమంతా, ఒక ఇల్లాలు చిరిగిన కోటు పక్కన పెట్టుకుని నా మాట నమ్మి కూర్చుంది. మా ఆయన ఏదైనా అంటారేమో, అననీ, అంటేనే బాగుంటుంది అనుకున్నాను. ఆయన బల్లమీది స్క్రూలన్నీ ఒక మూతలోకి తీసి, బల్ల తుడిచి, దీపం కాడ నా వైపు వంచారు.

సంచీ ఇంకా మిషను కిందే ఉంది. అందులోంచి నేను చింపిన గుడ్డముక్క ఒకటి తీశాను. సూది ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టేసుకున్నాను. ఇన్నేళ్ళు కుట్టినదాన్నే, నా చెయ్యి పసిపిల్ల చెయ్యిలా అయిపోయింది. సూది వేళ్ళ మధ్య నిలవడం లేదు. దారాన్ని పళ్ళతో పట్టుకుని ఎక్కించబోతే సూది చెంపకి తగిలింది. ఈ కుట్టు ఇంత కష్టమని తెలియకుండానే ‘వచ్చే వీడియోలోనే’ అని రాసేశాను ఆవిడకి.

మా ఆయన నా ఫోనుని తన బల్లమీది స్టాండుకి తగిలించి, సూది కనబడేలా సరిచేశారు. ఎర్ర బటన్ దగ్గరిదాకా వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది.

“నొక్కనా?” అని అడిగారు.

ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. కాసేపు ఆగమన్నాను, దారం ఇంకా ఎక్కలేదు.